డాక్టర్ సలహా: శుక్రవారం దాకా ఆగకండి, అదను దాటిపోతుంది

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. పావుగంటలో మామూలైపోయారు. శుక్రవారం మంచిరోజని, అప్పుడు చూపించుకుంటానని అంటున్నారు. పాతకాలం గ్రీకు వైద్యులు కూడా 'కైరోస్' అని అనువైన సమయం చూసేవారని చదివాను. అదీ ముహూర్తం లాంటిదేనా?

జవాబు: ముందు నాన్నగారి సంగతి. ఈరోజే, ఇప్పుడే, సీటీ స్కాన్, న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు రాసింది చూస్తే టీఐఏ అనిపిస్తోంది. అంటే మెదడులో ఒక భాగానికి కాసేపు రక్తం ఆగి, మళ్లీ అందింది. తగ్గిపోయిందిగా అని ఇంట్లో అందరూ ధీమా పడతారు. అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి రెండు రోజుల్లోనే. అందులో ఒకటి మీకు అయిపోయింది.

ఇక కైరోస్. గ్రీకులు గడిచిపోయే కాలాన్ని క్రోనోస్ అన్నారు, పనికి సరిగ్గా కుదిరే క్షణాన్ని కైరోస్ అన్నారు. మన భాషలో దీనికి ముహూర్తం కన్నా 'అదను' దగ్గర. ముహూర్తం పంచాంగంలో ముందే రాసి ఉంటుంది. అదను రైతుకు నేల పదును చూస్తేనే తెలుస్తుంది, వైద్యుడికి రోగిని చూస్తేనే తెలుస్తుంది. పాతకాలపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరిట ఉన్న వైద్య సూత్రాల్లో మొదటిదే, జీవితం చిన్నది, విద్య పెద్దది, అదను ఇట్టే జారిపోతుంది అంటుంది.

నాకు మాత్రం ఇంకా పాత ముచ్చట ఇష్టం. గ్రీకుల యుద్ధకావ్యం ఇలియడ్‌లో మెనెలాస్ అనే రాజుకు బాణం తగిలి నెత్తురు కారుతుంటే అన్న అగమెమ్నాన్ హడలిపోతాడు. తమ్ముడేమో 'కైరియోస్' చోట దిగలేదులే అని ధైర్యం చెబుతాడు. అది కైరోస్‌కు చుట్టమైన మాటే. అక్కడ దాని అర్థం ఆయువుపట్టు. ఆ తర్వాత వైద్యుడు మఖావోన్ వచ్చి బాణం లాగి మందు పూస్తాడు.

అదను అంటే తొందరపాటు కూడా కాదు. జబ్బు పక్వానికి రాకముందే విరేచనాల మందు ఇవ్వొద్దని అవే సూత్రాలు చెబుతాయి. ఆ పద్ధతి ఇప్పుడు మాకు పనికిరాదు గానీ ఆలోచన పనికొస్తుంది. ఎవరో చెప్పారని ఇంట్లోనే ఆస్పిరిన్ వేసేయకండి. మెదడులో రక్తస్రావం లేదని సీటీలో తేలాకే అది మందు. బీపీ దించడానికి నాలుక కింద మాత్ర పెట్టడమూ వద్దు.

పక్షవాతం వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగా ఉన్న వ్యవధి నాలుగున్నర గంటలు. మనిషి చివరిసారి బాగున్నట్టు చూసిన టైమ్ నుంచి లెక్క. చాలామంది ఆ టైమే చెప్పలేరు. ఒకావిడ మాత్రం, "ఏడు గంటల వార్తలప్పుడు కూరలో ఉప్పు తక్కువైందని నాతో గొడవపడ్డారు డాక్టర్‌గారూ, నోరు బాగానే తిరిగింది" అంది. ఆ ఒక్క ముక్కతో వెంటనే ఇంజక్షన్ ఇవ్వగలిగాం.

నాన్నగారు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని బయల్దేరండి. మెడ రక్తనాళాల డాప్లర్ స్కాన్, ఈసీజీ వాళ్లే చేయిస్తారు. ఈలోపు మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా టైమ్ చూసుకుని 108కి ఫోన్ చేయండి.