బాపు గీయించిన తోరణం తీసేయాలా?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. లోగోలో మా బాపు గీయించిన కాకతీయ తోరణం ఉంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నాం, పాతగా కనిపిస్తోంది, మొత్తం మార్చేద్దామని తమ్ముడి పట్టు. మార్చాలా?

జవాబు: పాతగా ఉందన్న ఒక్క మాటకే మార్చకండి. రోజూ చూసే మీకు విసుగు పుడుతుంది గానీ, పెళ్లి కొనుగోళ్లకు ఏ పరకాల నుంచో ములుగు నుంచో ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్లు ఆ తోరణం బొమ్మ చూసే మీ మెట్లెక్కుతారు. 2010లో అమెరికా బట్టల కంపెనీ గ్యాప్ ఉన్నట్టుండి లోగో మార్చి, జనం తిట్టిపోస్తే వారం తిరిగేలోపే పాతదే పెట్టుకుంది.

వ్యాపారమే మారినా, వేరే దుకాణం గుర్తుతో కలిసిపోతున్నా మార్చాలి. మీకైతే అసలు పరీక్ష ఫోన్‌లోనే ఉంది. లోగోను వాట్సాప్ డీపీగా పెట్టి చూడండి. తోరణం మీది చెక్కడాలన్నీ కలిసిపోయి నల్లటి మచ్చలా కనిపించినా, బిల్లు మీద స్టాంపు వేస్తే సిరా అలుక్కుపోయినా పని పెట్టుకోవాల్సిందే. అప్పుడు కూడా తోరణాన్ని తీసేయొద్దు, దయచేసి. స్తంభాలు, పైన అడ్డదూలం ఉంచి సన్న గీతలు తగ్గించమని డిజైనర్‌కు చెప్పండి, చాలు.

లోగోకు ట్రేడ్‌మార్క్ ఉంటే మాత్రం ముందే లాయర్‌ను కలవండి, రూపం బాగా మారితే కొత్తగా దరఖాస్తు చేయాల్సి వస్తుంది. సంచులు, బిల్లు బుక్కులు ఉన్నవి అయిపోయాకే కొత్తవి కొట్టించండి.