అమ్మాయి బ్లాక్ హోల్ అంటోంది, నాన్న సీఎస్ఈ అంటున్నారు

ప్రశ్న: గాజువాకలో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఎప్పుడు చూసినా బ్లాక్ హోల్స్ గొడవే, పాఠాలు చదవడం లేదు. నోట్సు వెనక పేజీల నిండా అవే లెక్కలు. విసుగొచ్చి ఆ నోట్సు దాచేశాను, ఫొటో పంపుతున్నాను. ఆస్ట్రోఫిజిక్స్ మేలా, సీఎస్ఈలో ఏఐ మేలా?

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదండీ. ఒక్కోసారి బ్లాక్ హోల్ బదులు డైనోసార్ ఉంటుంది, అంతే తేడా. మీరు అడిగింది కోర్సు గురించి. మీ భయం మాత్రం రేపు పిల్ల ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటుందేమోనని.

ముందు ఆ ఫొటో సంగతి. అది ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఎస్కేప్ వెలాసిటీ సూత్రమే. భూమ్మీద నుంచి విసిరింది తిరిగి పడకుండా పోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. భూమిని నొక్కుతూ చిన్నది చేసేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. ఒక దశలో వెలుగు కూడా బయటపడలేదు. బ్లాక్ హోల్ అంటే అదే. దానికి భూమి వ్యాసార్థం 9 మిల్లీమీటర్లకు రావాలి, అంటే గోళీకాయంత. మీ అమ్మాయికి సరిగ్గా 9 వచ్చింది. చదవడం లేదని మీరంటున్న పాఠాన్నే తను చివరిదాకా లాగింది.

చిన్న మెలిక ఉంది. ఇలా న్యూటన్ సూత్రంతో చేస్తే అంకె కుదురుతుంది గానీ, అసలు కారణం ఆయన దగ్గర దొరకదు. ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సమీకరణాలతో జర్మన్ శాస్త్రవేత్త ష్వార్జ్‌షిల్డ్ చేసిన లెక్క 1916లో అచ్చయింది. ఆ గణితం పట్టుబడాలంటే తిరుపతి ఐసర్ (సైన్స్ చదువుల కేంద్ర సంస్థ) లాంటి చోట ఐదేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. తోటివాళ్లు మధురవాడ ఫ్లాటుకి ఈఎంఐ కడుతుంటే తను స్టైపెండ్ మీద ఉంటుంది. పర్మనెంట్ పోస్టులూ తక్కువే. ఇది దాచను.

ఇక ఏఐ. దాని మీద మీకున్నంత నమ్మకం నాకు లేదు. బోర్డు మీద ఆ రెండక్షరాలు చేరగానే ఫీజు పెంచిన కాలేజీలు చూశాను. చెప్పే సారూ మారలేదు, ల్యాబూ మారలేదు. ఆ మధ్య థర్డియర్ కుర్రాడొకడు నా ముందు కూర్చుని, మ్యాట్రిక్స్ గుర్తులేదన్నాడు. ఏఐ మోడల్‌ని ట్రైన్ చేయడం మాత్రం వచ్చట! మీ అమ్మాయి బీటెక్ పూర్తిచేసేసరికి ఏ పేరు బోర్డెక్కుతుందో మీరూ నేనూ చెప్పలేం.

కోప్పడకండి, ఒక మాట అడుగుతాను. ద్వారకానగర్‌లో కోచింగ్ ఫీజు కట్టేముందు పదిమందిని వాకబు చేసి ఉంటారు. పిల్ల నోట్సు దాచేముందు ఒక్క పేజీ అయినా చదివారా?

టెన్షన్ పడకండి. 2019లో వచ్చిన మొదటి బ్లాక్ హోల్ చిత్రం ఒక కెమెరాతో క్లిక్ మనిపించింది కాదు, 8 రేడియో టెలిస్కోపుల డేటాను కలిపి కంప్యూటర్లో కూర్చింది. ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు కోడింగే. మధ్యలో మనసు మారినా చేతిలో పనితనం ఉంటుంది. ఎంపీసీ గట్టిగా చదివితే చాలు, ఇప్పటికి రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

నోట్సు మాత్రం ఈరోజే ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు చెప్పండి, 9 పక్కన మిల్లీమీటర్లని రాయలేదు. పరీక్షలో అయితే మార్కు పోయేది.