అంబాసడర్ కింద దూరబోయే అల్లుడికి

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న అంబాసడర్‌ను రేకుల షెడ్డులోంచి బయటికి లాగావని, ఆయిల్ కారడం నువ్వే ఆపుతానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషించాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టావో, చెవి మెలిపెడతాను. జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి కాదు. ఇటుకలు పేర్చే తెలివి అసలే వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. ఇనుప స్టాండ్లు కొను, డబ్బు నేనిస్తాను.

ఇక ఇంజను. ముందు కిరోసిన్‌తో, బ్రష్షుతో శుభ్రంగా కడుగు. ఆరాక పైన టాల్కం పౌడరు చల్లి కాసేపు నడిపి చూడు. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. అందుకని కింద చుక్క పడ్డచోట కాదు, అన్నిటికంటే పైన తడిసినచోట వెతకాలి. ఇంజను నెత్తిమీది మూత, అదే ట్యాపెట్ కవర్, దాని కింది కార్కు ప్యాకింగ్, ఇంజను పక్కనుండే రెండు చిన్న మూతలు, లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం వరసగా చూసుకో. గొట్టం మసితో పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. కార్కును బలమంతా పెట్టి బిగించకు, నలిగి చీలుతుంది.

ఇంజను వెనకవైపు రాలే ఒకటి రెండు చుక్కల జోలికి పోకు. ఆ 1489 సీసీ ఇంజనుకు అక్కడ రబ్బరు సీలే లేదు. ఇంజనులో తిరిగే ఇరుసు, అదే క్రాంక్ షాఫ్టు, దాని మీద మరచుట్టులా గాడి చెక్కి ఉంటుంది. తిరిగినంతసేపు అది ఆయిల్‌ను లోపలికి తోస్తుంది, ఆగితే కాస్త రాలుతుంది. మీ నాన్న వాకిట్లో బండి కింద పాత తపేలా పెట్టేవాడు, మీ అమ్మ ముగ్గు పాడవకుండా.

ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అదే సంపు, దాని సంగతి వేరు. 1988లో మేడారం జాతరకు బయలుదేరాం. మీ అక్కకు జ్వరం తగ్గితే ఎత్తు బంగారం, అంటే పిల్ల బరువుకు సరితూగే బెల్లం, ఇస్తానని మీ అమ్మ మొక్కుకుంది. డిక్కీ నిండా బెల్లం. నేను మెకానిక్ షెడ్డు పెట్టి మూడేళ్లయింది, తెలియనిది లేదనే పొగరు. సంపు కారుతోందని బావ అంటే, చుక్క రాలకుండా చేస్తానని ప్యాకింగుకు రెండువైపులా ట్యూబు బంక దట్టంగా పూశాను. బిగించేసరికి పిండిలా బయటికి ఉబికింది. గుడ్డతో తుడిచి మురిసిపోయాను. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే పోయి ఉంటుందని తట్టలేదు. అది ఎండి, పేలికలుగా ఊడి, ఆయిల్ పంపు జల్లెడకు చుట్టుకుంది.

ములుగు దాటాం, పస్రా దాటాం. తాడ్వాయి అడవిలో అడుగునుంచి టకటకమని మోత. బావ ఆపబోయాడు. ట్యాపెట్ చప్పుడే, పోనివ్వమన్నాను. అది పైనుంచి వస్తున్న చప్పుడు కాదని నాకు తెలుసు. బెల్లం, పిల్ల, ఇంతమంది ముందు నా పని తప్పని ఒప్పుకోలేకపోయాను. కొద్దిదూరంలోనే బేరింగులు కరిచి ఇంజను బిగుసుకుపోయింది. బావ బెల్లం మూట నెత్తికెత్తుకుని, మీ అమ్మను, పిల్లను జనంతో కిక్కిరిసిన లారీ ఎక్కించుకుని వెళ్లాడు. నేను బండికి కాపలాగా రెండు రాత్రులు అక్కడే ఉన్నాను. ఎడ్లబండ్లు గంటలు మోగిస్తూ పోతుంటే తల దించుకున్నాను. తిరిగొచ్చాక చుట్టాలడిగితే బావ ఒకటే మాట: పాత బండి, మొండికేసింది. నా పేరెత్తలేదు, ఆ తరువాత కూడా.

అందుకే బంక వేయాల్సి వస్తే వేలితో రాసినంత పలుచగా, ఇనుము మీద మాత్రమే. సంపు విప్పాక జల్లెడ కడుగు. అడుగునుంచి చప్పుడొస్తే ఎవరేమన్నా, నేనన్నా సరే, ఇంజను ఆపేయి.

ఆదివారం మొదటి బస్సుకు కరీంనగర్ వస్తున్నాను. అప్పటిదాకా సంపు బోల్టులు ముట్టుకోకు. బ్రీదర్ గొట్టం విప్పి కిరోసిన్‌లో నానబెట్టు. మీ అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు తాడ్వాయి సంగతి దాటేయి. లేదా చదువు, నీ ఇష్టం.

మామయ్య