తెలుగు క్లాసిక్స్ జాబితా మధ్యలో ఆగిపోకుండా ఎలా చదవాలి?

తెలుగు క్లాసిక్స్ అన్నీ చదవాలని మీరు జాబితా రాసుకున్నారు. పాతకాలం నుంచి వరసగా వస్తూ ప్రతిసారీ ‘వేయిపడగలు’ దగ్గర ఆగిపోతున్నారు. ఎవరైనా ఇలాంటి జాబితా చివరిదాకా చదివారా, ఏ వరసలో చదివారు అని అడిగారు. నేను చదివాను. నాకు పని చేసిన పద్ధతి చెప్తాను.

అచ్చయిన సంవత్సరాల వరస పక్కన పెట్టేయండి. పుస్తకాలను జతలుగా కట్టుకోండి. ఒకటి చదివాక మనసులో మిగిలిన ప్రశ్నకు రెండోది జవాబు చెప్పాలి, లేదంటే దానితో పోట్లాడాలి. అప్పుడు రెండో పుస్తకం చేతిలోకి తీసుకోవడానికి, ఇన్ని చదివి తీరాలన్న ‘ఛాలెంజ్’ ఏదీ అక్కర్లేదు.

నేను మొదట కట్టుకున్న జత ‘మాలపల్లి’, ‘వేయిపడగలు’. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లిని జైల్లో రాశారు. 1922లో బయటికొస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు 1934 నాటిది. రెంటికీ మధ్య పన్నెండేళ్లే తేడా, రెండూ మన పల్లె ఎలా మారిపోతోందో చెప్పేవే. కానీ వేయిపడగల్లో సుబ్బన్నపేట కోట, గుడి, జమీందారీ ఒక్కొక్కటే కూలుతుంటే కథానాయకుడు ధర్మారావు కళ్లారా చూస్తూ కుమిలిపోతాడు. మాలపల్లిలో రామదాసు అనే దళితుడి కుటుంబం అదే పాత కట్టుబాటు కింద నలిగిపోతుంది. మాలపల్లి ముందు చదివి ఉంటే, ధర్మారావు బాధపడే ప్రతి చోటా రామదాసు గుర్తొస్తాడు. ‘ఈ ఊళ్లో రామదాసు ఇల్లు ఎక్కడుండేది?’ అని మీరే విశ్వనాథ గారిని అడుగుతారు. వాదించాలన్న పట్టుదలే నన్ను ఆ లావు పుస్తకం చివరిదాకా లాక్కెళ్లింది. చాలా చోట్ల ఆయనతో ఏకీభవించలేదు. అయినా గిరిక, పసిరిక లాంటి పాత్రల్ని ఇంకే తెలుగు నవలలోనూ చూడలేదు, ఆ పేజీల కోసమైనా వదలకండి. వేయిపడగలతో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) బహుమతి పంచుకున్న అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’ కూడా అదే ఊపులో చదివేస్తే, ఆ కాలం పూర్తిగా కళ్లముందుకొస్తుంది.

‘కన్యాశుల్కం’ మాత్రం ఒంటరిగా, కళ్లతో చదవొద్దు. అది నాటకం, నోటితో చదవాలి. ఇప్పుడు మనం చదివేది 1909లో గురజాడ గారు బాగా పెంచి, తిరగరాసిన కూర్పు. ఏడు అంకాలు. మా అత్తయ్యది విజయనగరం వైపు. సాయంత్రాలు ఆవిడ కూరలు తరుగుతుంటే నేను పక్కన కూర్చుని పైకి చదివేదాన్ని. బొంకులదిబ్బ అనగానే అదెక్కడుందో చెప్పింది. మధురవాణి కంటె కోసం రామప్పంతుల్ని ఏడిపించే చోట కత్తిపీట పక్కకు జరిపి, వాళ్ల అమ్మమ్మ మెడలో కంటె ఎలా ఉండేదో, ఎంత లావు ఉండేదో రెండు వేళ్లతో చూపించింది. అప్పటిదాకా నాకది ఏదో నగ. ఆ తర్వాత పంతులు అంత కంగారు ఎందుకు పడుతున్నాడో అర్థమై, ఇద్దరం ఆ సీను మళ్లీ మొదట్నుంచి చదువుకున్నాం. ఆవిడ రామప్పంతులు, నేను మధురవాణి. మీ ఇంట్లో వినేవాళ్లు ఎవరూ లేకపోతే ఫోన్లోనైనా ఎవరికో ఒకరికి వినిపించండి.

తెలంగాణ నవలలకు ఒక జత తప్పకుండా ఉంచండి. చాలా జాబితాల్లో ఇవి చివర్న ఎక్కడో ఉంటాయి, అది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ పక్కపక్కన పెట్టుకోండి. రెండూ నిజాం కాలపు పల్లెలు, దొరల పెత్తనం. మొదటిదాంట్లో ఆ ఊళ్లో పుట్టిన కంఠీరవం ఎదురు తిరుగుతాడు. రెండోదాంట్లో బయట్నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతం పంతులు కళ్లతో గడీని, అంటే కోటలాంటి దొర ఇంటిని చూస్తాం. లోపలి చూపు, బయటి చూపు రెండూ కలిస్తేనే ఆ రోజులు అర్థమవుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’, డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. అక్కడ దయానిధి, ఇక్కడ ప్రకాశం, ఇద్దరూ డాక్టరు చదువు చదివినవాళ్లే, ఇద్దరూ తేల్చుకోలేని మనుషులే. రెంటిలోనూ ఒక ఇందిర ఉంది. బుచ్చిబాబు ఇందిర దయానిధి భార్య, ఆవిడ మనసు మనకు అతని ఆలోచనల చాటునుంచే కనిపిస్తుంది. శ్రీదేవి ఇందిర తన బతుకు తనే తేల్చుకుంటుంది, ఎవరి జాలీ అడగదు. శ్రీదేవి గారు రాసిన నవల ఇదొక్కటే. దాన్ని ముగించాక చాలా రోజులు వేరే పుస్తకం ముట్టుకోవాలనిపించలేదు. ఆ గ్యాప్ గురించి టెన్షన్ పడకండి, మంచి పుస్తకం తర్వాత అలా ఉండటం సహజం.

రెండు లావు పుస్తకాల మధ్య ఒక పల్చటిది పెట్టుకోండి. కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ అయితే ఒక ముసలివాడు, ఒక పంది, ఒక అడవి, అంతే. ఒక్క సెలవు రోజు చాలు. రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ కూడా అలాంటిదే, కాకపోతే ఆ వాక్యాల కోసం నెమ్మదిగా వెళ్లాల్సి వస్తుంది. పోతన, పెద్దన లాంటి వాళ్లను నేను ఈ జాబితాలో కలపలేదు. పద్యానికి తాత్పర్యమో, చెప్పేవాళ్లో పక్కనుండాలి. దానికి వేరే ఏడాది కేటాయించుకోవడం మేలు.

పుస్తకాలన్నీ ఒకేసారి కొనకండి. పాత కూర్పులు చాలావరకు ఊళ్లోని గ్రంథాలయంలోనే దొరుకుతాయి. పేర్లు ఎక్కువున్న నవలకు చివరి అట్ట లోపల ఒక కాగితం పెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసుకుంటూ పోండి.

వేయిపడగల్లో ఇప్పుడు ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు పెట్టి పుస్తకం మూసేయండి. మాలపల్లి పూర్తి చేసి రండి. తిరిగి వచ్చాక మొదటి పేజీకి వెళ్లకుండా, గుర్తు పెట్టిన చోటునుంచే చదవండి.