పెళ్లా, కళ్లా? ఎఫెసు మైదానంలో సన్యాసులు

ప్రశ్న: బైజాంటైన్ సామ్రాజ్యంలో ఒక పాలకుడు సన్యాసులను పోగుచేసి, పెళ్లి చేసుకోకపోతే కళ్లు తీయిస్తానన్నాడని చదివాను. తానూ క్రైస్తవుడే కదా, అంత కక్ష దేనికి? బిషప్పులు అడ్డుపడలేదా?

జవాబు: ఆయన మిఖాయేల్ లకనోద్రాకన్. నేటి టర్కీ పశ్చిమ భాగంలో ఉండిన థ్రకేసియన్ మండలానికి సేనాపతి. సైన్యమూ పరిపాలనా ఒకే చేతిలో ఉండే పదవి అది. ప్రతిమారాధనను, అంటే క్రీస్తు, పరిశుద్ధుల బొమ్మలకు మొక్కడాన్ని, నిషేధించిన 5వ కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి (741–775) ఆయన నమ్మినబంటు. 770 ప్రాంతంలో తన మండలంలోని సన్యాసులను, సన్యాసినులను ఎఫెసుకు రప్పించి, గుర్రాల మీద బంతాట ఆడే మైదానంలో నిలబెట్టి, తెల్లబట్టలు కట్టుకొని అప్పటికప్పుడు పెళ్లాడమనీ, కాదన్నవారి కళ్లు పొడిపించి సైప్రస్‌కు వెళ్లగొడతాననీ ప్రకటించాడని చరిత్రకారుడు థియోఫానెస్ రాశాడు. లొంగినవారూ ఉన్నారు, లొంగనివారూ ఉన్నారు. ఆపైన మఠాలను, పూజాపాత్రలను, గ్రంథాలను, పశువులను అమ్మించి సొమ్ము చక్రవర్తికి పంపాడు. కొందరి గడ్డాలకు మైనమూ నూనే పూయించి నిప్పంటించాడు. చక్రవర్తి మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడట.

బిషప్పుల సంగతికి వస్తే, అసలు కిటుకు అక్కడే ఉంది. 754లో హియెరియాలో సమావేశమైన 338 మంది బిషప్పులు ప్రతిమలను ఖండించారు కనుక, సేనాపతి తాను చర్చి తీర్పునే అమలుచేస్తున్నానని చెప్పుకోగలిగాడు. మఠాల అమ్మకానికి పంపినవారిలో ఒకడు మాజీ మఠాధిపతి అంటే, ఈ తగవు రాజ్యానికీ చర్చికీ మధ్య కాక, చర్చి లోపలే ఎంత దూరం పాకిందో ఊహించండి. ప్రతిమల నిషేధానికి ఎదురుతిరిగినవారిలో పేరుమోసినవారు ఎక్కువగా సన్యాసులే. పన్ను కట్టే ఇళ్లనూ, సైన్యంలో చేరే యువకులనూ మఠాలు లాక్కుపోతున్నాయన్న కోపం కూడా చక్రవర్తికి ఉండి ఉంటుందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. నాకూ అది సబబుగానే తోస్తుంది.

అయితే థియోఫానెస్ స్వయంగా సన్యాసి, ప్రతిమల పక్షం వాడు, ఈ ఘటనలు జరిగిన నలభై ఏళ్లకు కలం పట్టినవాడు. కాబట్టి గడ్డాల ముచ్చట వంటివాటిని కాస్త తూకం వేసి చదవాలి. ప్రతిమారాధన 787 నాటి రెండవ నికేయా చర్చి మహాసభలో తిరిగి నిలబడింది. అయిదేళ్ల తరువాత, 792లో, మార్కెల్లై వద్ద బల్గారులతో జరిగిన పోరులో లకనోద్రాకన్ అదే సామ్రాజ్యం పక్షాన పోరాడుతూ మరణించాడు.