కారు ఏసీ: గ్యాస్ కొట్టించే ముందు

ప్రశ్న: హైవే మీద మా కారు ఏసీ బాగానే చల్లగా ఉంటుంది. ఊళ్లోకొచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. మెకానిక్ గ్యాస్ తగ్గిందంటున్నాడు. కొట్టించమంటారా?
– పాఠకుడు, ఖమ్మం

ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణం గ్యాస్ కంటే ముందు కండెన్సర్‌ను (గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే జాలీని), దాని ఫ్యాన్‌ను అనుమానించమంటోంది. రేడియేటర్‌కు ముందు ఉండే కండెన్సర్‌ను బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలి చల్లబరుస్తుంది. ఆగితే ఆ పనంతా ఫ్యాన్‌దే. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు, అంటే కంప్రెసర్, దాని క్లచ్ టక్కుమని పట్టుకున్నాక ఫ్యాన్ కూడా తిరగాలి (చెయ్యి మాత్రం దూరంగా పెట్టండి). అసలు తిరగకపోతే ఫ్యూజ్, రిలే, మోటారు వరుసగా చూపించండి. నీరసంగా తిరుగుతుంటే మోటారు బ్రష్‌లు అరిగి ఉండవచ్చు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. బండి ఆగి, ఏసీ నడుస్తుండగా ముందు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద మగ్గుతో నీళ్లు పోయించండి. లోపల గాలి గబగబా చల్లబడితే గ్యాస్ ఉన్నట్టే, వేడి బయటికి పోవడం లేదన్నమాట. ఫ్యాన్ బాగుంటే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు ఇరుక్కుని ఉంటాయి. ఇంజన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో కడిగించండి. వాటర్ సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి ఉన్న గాలి కూడా ఆగిపోతుంది.

గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టించినా ఇదే తేలాలి. ఆర్-134ఏ రకం గ్యాస్ వాడే బండికి 35 డిగ్రీల ఎండలో లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) సుమారు 30–45, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికి పోయే వైపు) 200–250 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉంటే సరే. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ లోటు. రెండూ పెరిగి హై సైడ్ 300 దాటుతుంటే కండెన్సర్‌కు గాలి చాలడం లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది. అప్పుడు ఇంకా నింపితే కంప్రెసర్‌కే ఎసరు.

ప్రశ్న: ప్రతి వేసవికీ గ్యాస్ నింపిస్తున్నాం. ఇది మామూలేనా?
– పాఠకురాలు, ఏలూరు

కాదండి. పెట్రోలులా ఖర్చయిపోయేది కాదది. పైపుల్లోంచి, సీళ్లలోంచి ఇంకిపోయేది చాలా కొద్ది. ఏడాదికోసారి ఖాళీ అవుతోందంటే లీకు ఉన్నట్టే. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా చిమ్ముతుంది కనుక పైపు జాయింట్ల దగ్గర, కండెన్సర్ అడుగున, కంప్రెసర్ క్లచ్ వెనకాల జిడ్డుగా దుమ్ము పట్టిన మచ్చ కోసం వెతకమనండి. గ్యాస్ పోర్టు మూతల కింద వాల్వులనూ మరిచిపోవద్దు. సబ్బునీళ్ల బుడగలకు దొరకకపోతే నైట్రోజన్ సుమారు 150 పీఎస్ఐ వరకు ఎక్కించి అరగంట ఆగితే గేజ్ ముల్లు చెబుతుంది, పడిపోతే లీకున్నట్టే. బయట ఎక్కడా కనపడకపోతే డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌ను అనుమానించాలి. అది కాస్త ఖర్చు వ్యవహారం.

లీకు మూశాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టించి (పంపుతో లోపలి గాలి, తేమ లాగించి), పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో మీరే చూడండి. లోపల తేమ మిగిలితే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్నటి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి, ఏసీ కాసేపు చల్లగా, కాసేపు ఉత్తగాలిగా వస్తుంది. గ్యాస్ తూకం వేసే పోయాలి. చిన్న కార్లకు చాలావరకు 350–450 గ్రాములు; కచ్చితమైన లెక్క బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. 'ఫుల్ చేశాం' అనే మాట ఒప్పుకోవద్దు, తూకం చూపించమనండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లయితే వాటి కంప్రెసర్‌కు కంపెనీ చెప్పిన ఆయిలే పడాలి, మామూలు కార్ల ఏసీల్లో వాడే పీఏజీ రకం ఆయిల్ పోస్తే కంప్రెసర్ మోటారు కరెంటు ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

ప్రశ్న: ముందు ఎడమ సీటు కింద కార్పెట్ తడిగా ఉంటోంది, ఏసీ వేయగానే ముక్కిన వాసన.
– పాఠకుడు, కాకినాడ

బండి కింద నీళ్లు కారడం మంచిదే, లోపల కారితేనే చిక్కు. కూలింగ్ కాయిల్ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టంలో మట్టి అడ్డుపడి ఉంటుంది, కింది నుంచి తీయించండి. ఆ తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే మాత్రం అది హీటర్ కూలెంట్, వెంటనే చూపించండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాల ఉండే క్యాబిన్ ఫిల్టర్‌ను 10,000–15,000 కిలోమీటర్లకు మార్చండి. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోయర్ ఒక్కటే నడిపితే కాయిల్ ఆరి వాసన తగ్గుతుంది. సెంటు డబ్బాలతో పని లేదు.