ఫ్యాన్ స్పీడు చూపించని మదర్‌బోర్డుకి లైనక్స్‌లో సపోర్ట్ మనమే రాసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదే కదా: సెన్సర్స్ కమాండ్ కొడితే సీపీయూ కోర్ల వేడి వస్తోంది గానీ మదర్‌బోర్డు వేడి, ఫ్యాన్ల స్పీడు రావట్లేదు, కెర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) కోడ్ ఎప్పుడూ ముట్టుకోలేదు, అయినా నేనే డ్రైవర్ రాయగలనా అని. రాయగలరు. సి భాష వస్తే చాలు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. కాకపోతే ఒక మాట ముందే చెప్తాను, చిప్ నుంచి అంకె చదవడం ఒక్క సాయంత్రం పని, ఆ అంకె నిజంగా దేనిదో తేల్చుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది.

కోర్ల వేడి ఎందుకు వస్తోందంటే అది సీపీయూ లోపలే ఉంటుంది, ఇంటెల్ అయితే కోర్‌టెంప్, ఏఎండీ అయితే కే10టెంప్ డ్రైవర్ చదివిపెడుతుంది. ఫ్యాన్లు, బోర్డు వేడి చూసేది వేరే చిప్, దాన్ని సూపర్ ఐఓ అంటారు. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎక్కువగా నువోటాన్ కంపెనీదో ఐటీఈ కంపెనీదో ఉంటుంది. రాయడం మొదలుపెట్టే ముందు ఏ చిప్ ఉందో వెతికిపెట్టే సెన్సర్స్-డిటెక్ట్ ఒకసారి నడిపి చూడండి, డ్రైవర్ ఉండి కూడా లోడ్ కాకపోయి ఉండొచ్చు. డీమెసేజ్‌లో (కెర్నల్ రాసే సందేశాల్లో) ఏసీపీఐ రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ అని కనిపిస్తే అది వేరే కథ, కింద చెప్తాను.

నా చిప్ ఐడీ డ్రైవర్‌లో ఉన్న జాబితాలో లేదు, అంతే తేడా. నువోటాన్ చిప్‌లలో ఐడీ చూడాలంటే హెక్స్ (16 ఆధారంగా రాసే అంకె) 2ఈ పోర్టుకి, అంటే చిప్‌తో మాట్లాడే చిరునామాకి (కొన్ని బోర్డుల్లో 4ఈ), హెక్స్ 87 రెండుసార్లు రాస్తే కాన్ఫిగరేషన్ తలుపు తెరుచుకుంటుంది, 20, 21 రిజిస్టర్లు (చిప్ లోపల అంకెలుండే గడులు) చదివితే ఐడీ వస్తుంది, పని అయ్యాక ఏఏ రాసి మూసేయాలి, ఇవన్నీ హెక్స్ అంకెలే. ఇది రూట్‌గా చిన్న సి ప్రోగ్రామ్‌లోనే చేయొచ్చు, కెర్నల్ అక్కర్లేదు. వేరే పోర్టుకి పొరపాటున రాస్తే మెషిన్ బిగుసుకుపోవచ్చు, కాబట్టి ముఖ్యమైన పని నడుస్తున్న దాని మీద మాత్రం వద్దు.

పాత చిప్‌కి దగ్గరి చుట్టమే కదా అని ఐడీ చేర్చి పాత కోడ్‌తోనే చదివాను. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, తెర మీద మాత్రం 170 ఆర్‌పీఎం. చదివిన రెండు బైట్లు హెక్స్‌లో 1ఎఫ్, 08, అంటే మామూలు లెక్కలో 31, 8. నేను వాటిని కలిపి ఒకే 16 బిట్ల అంకెగా తీసుకున్నాను, 7944 వచ్చింది. ఈ చిప్‌లలో ఫ్యాన్ కౌంట్ 13 బిట్లే, మొదటి బైట్ మొత్తం, రెండో దాంట్లో కింది 5 బిట్లు. అలా లెక్కేస్తే 31 ఇంటూ 32, దానికి 8 కలిపితే 1000. ఇక్కడ కౌంట్ అంటే స్పీడు కాదు, ఫ్యాన్ పంపే రెండు పల్స్‌లకి పట్టిన సమయం, ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగితే ఇది అంత తగ్గుతుంది. 13,50,000ని దానితో భాగిస్తే 1350 ఆర్‌పీఎం, బయాస్‌లో కూడా దాదాపు అంతే చూపించింది. చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో ఈ ముక్క ఒక్క లైన్‌లో ఉంటుంది, నేను దాన్ని దాటేసి రెండు రోజులు తల పట్టుకున్నాను.

యూనిట్లలోనూ బోల్తా పడతారు. లైనక్స్‌లో సెన్సర్ల అంకెలు అందించే భాగమైన హెచ్‌డబ్ల్యూమాన్‌లో వేడిని డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఇవ్వాలి, 41 డిగ్రీలంటే 41000. నేను 41 ఇచ్చేసి, తెర మీద 0.0 చూసి సెన్సర్ పాడైందనుకున్నాను. (ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే ఇదే మైక్రోకెల్విన్లలో ఇవ్వాలి, అక్కడికి పోర్ట్ చేద్దామనుకుంటే గుర్తుంచుకోండి.)

తర్వాత అసలు తలనొప్పి. చిప్‌కి వేడి కొలిచే ఇన్‌పుట్లు బోలెడు ఉంటాయి, బోర్డు తయారుచేసినవాళ్లు వాటిలో కొన్నిటికే వైర్ కలుపుతారు. నా దాంట్లో ఒకటి ఎప్పుడూ 127 దగ్గరే కూర్చుంది. ఏది ఏదో తేల్చడానికి నేను చేసింది చాలా మోటు పని: కేస్ ఫ్యాన్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకి ఏ అంకె సున్నా అయిందో చూశాను (సీపీయూ ఫ్యాన్ మాత్రం పీకకండి), హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని బోర్డులో ఒక్కో మూలకి వేడి గాలి కొట్టి ఏ అంకె కదిలిందో రాసుకున్నాను. ఆ ఇన్‌పుట్ల పేర్లు కూడా డ్రైవర్‌లోనే పెట్టేస్తే, కెర్నల్‌లో చేర్చమని నేను పంపిన ప్యాచ్ (కోడ్ మార్పు) చూసినాయన తీసేయమన్నాడు, ఆయన చెప్పిందే కరెక్ట్. అదే చిప్ ఇంకో బోర్డులో ఇంకోలా కలిపి ఉంటుంది. ఆ పేర్లు, పనికిరాని ఇన్‌పుట్లు దాచడం సెన్సర్స్ కమాండ్ ఇచ్చే ప్యాకేజీ ఎల్ఎం-సెన్సర్స్ కాన్ఫిగ్ ఫైల్లో లేబుల్, ఇగ్నోర్ లైన్లతో చేసుకోవాలి.

ఇక ఏసీపీఐ కాన్‌ఫ్లిక్ట్. ఏసీపీఐ అంటే బోర్డు ఫర్మ్‌వేర్‌కి (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్), ఆపరేటింగ్ సిస్టమ్‌కి మధ్య ఒప్పందం లాంటిది. ఆ చిప్‌ని బోర్డు ఫర్మ్‌వేర్ కూడా వాడుకుంటోందని కెర్నల్ మీకు చెప్తోందన్నమాట. నెట్‌లో ఎవరిని అడిగినా బూట్‌లో కెర్నల్‌కిచ్చే ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్ ఆప్షన్‌ని లాక్స్ (lax, అంటే పట్టు సడలించడం) చేసెయ్ అంటారు. నేనూ చేశాను, పని చేసింది, కానీ ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి వేడి ఎగిరిపడి మళ్లీ దిగేది. ఈ చిప్‌లలో రిజిస్టర్లు బ్యాంకులుగా ఉంటాయి, నేను ఒక బ్యాంకు ఎంచుకుని చదివేలోపు ఫర్మ్‌వేర్ వచ్చి ఇంకో బ్యాంకుకి మార్చేస్తే నాకు ఇంకెవరిదో అంకె వస్తుంది. నా డ్రైవర్‌లో ఎన్ని లాకులు పెట్టినా దాన్ని ఆపలేం. చదవడమే ఇలా ఉంటే, రాయడం మొదలుపెడితే ఏమవుతుందో ఊహించుకోండి. బోర్డు డబ్ల్యూఎంఐ ద్వారా, అంటే ఫర్మ్‌వేర్‌నే అడిగి, చదవనిస్తే ఆ దారే మేలు.

అందుకే మొదటి ప్యాచ్‌లో ఫ్యాన్ కంట్రోల్ పెట్టకండి, చదవడం ఒక్కటే. మాన్యువల్ మోడ్‌లో పీడబ్ల్యూఎం (ఫ్యాన్ స్పీడు నడిపే సిగ్నల్) తక్కువలో ఉన్నప్పుడు మీ ప్రోగ్రామ్ చచ్చిపోతే ఫ్యాన్ అక్కడే ఉండిపోతుంది, సీపీయూ మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. సస్పెండ్ చేసి లేపాక చిప్‌లో మీ సెట్టింగ్ ఉంటుందన్న నమ్మకం కూడా లేదు, అది కూడా మీరే మళ్లీ రాయాలి.

ముందు ఆ 20, 21 రిజిస్టర్లలో ఏమొచ్చిందో, చిప్ మీద ఏ అక్షరాలున్నాయో టార్చ్ వేసి చూసి ఇక్కడ పెట్టండి, ఏ డ్రైవర్‌కి దగ్గరో చూసి చెప్తాను.